కాలేజీలో తడి, పొడి డబ్బాలు: అందులో వేసిన చెత్త ఎక్కడికి వెళ్తుంది?

జూన్ 5 పర్యావరణ దినోత్సవం. ఎకో క్లబ్ పిల్లలు కారిడార్‌లో ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా పెట్టిస్తారు. ప్రిన్సిపాల్ గారు మొక్క నాటుతారు, ఫొటోలు దిగుతారు. ఓ వారం పాటు అందరూ శ్రద్ధగా తడి చెత్త తడిలో, పొడి చెత్త పొడిలో వేస్తారు. తర్వాత ఒక సాయంత్రం ల్యాబ్ నుంచి ఆలస్యంగా బయటికొచ్చిన కుర్రాడికి ఒక దృశ్యం కనిపిస్తుంది. ఊడ్చే అమ్మ రెండు డబ్బాలనూ ఒకే గోనెసంచిలో గుమ్మరిస్తోంది. ఆ రాత్రికే విషయం హాస్టల్ అంతా పాకుతుంది. "ఇంకెందుకురా వేరు చేయడం?" అన్న మాటతో ఆ ఏడాది ఉద్యమం ముగిసిపోతుంది.

తప్పు ఆ అమ్మది కాదు. ఆమెకు ఇచ్చింది ఒకే సంచి, ఒకే తోపుడు బండి. గేటు దగ్గరికి వచ్చే ట్రాక్టర్ కూడా ఒకటే. డబ్బాలు రెండున్నా వాటి వెనక దారి ఒక్కటే ఉంది. కాలేజీల్లో రీసైక్లింగ్ గురించి ఉన్న అయోమయంలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతోంది. డబ్బా దగ్గర జరిగేది మనకు కనిపిస్తుంది, ఆ తర్వాత జరిగేది కనిపించదు. పైగా 2026లో చెత్త నిబంధనలు మారాయి కాబట్టి, ఈ కనిపించని సగం గురించి మాట్లాడుకోవాల్సిన సమయం ఇదే.

వేరు చేయడం ఒకటి, రీసైకిల్ కావడం మరొకటి

చెత్తను రకాలుగా విడదీయడం మొదటి మెట్టు మాత్రమే. దాన్ని ఎవరో తీసుకెళ్లాలి, శుభ్రం చేయాలి, కరిగించి గానీ గుజ్జు చేసి గానీ మళ్లీ వస్తువుగా మార్చాలి, ఆ వస్తువును ఎవరో కొనాలి. ఈ గొలుసు చివరిదాకా తెగకుండా ఉంటేనే అది రీసైక్లింగ్. మధ్యలో ఎక్కడ తెగినా మనం చేసింది చెత్తను రెండు కుప్పలుగా పోయడమే.

దీనికి చుట్టాల్లాంటి మాటలు మరికొన్ని ఉన్నాయి. పాత స్టీలు సీసాలో మళ్లీ నీళ్లు పట్టుకోవడం పునర్వినియోగం. అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలు కుళ్లి ఎరువు కావడం కంపోస్టింగ్. చిప్స్ ప్యాకెట్లు సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలో బొగ్గుకు బదులు కాలితే దాన్ని కో-ప్రాసెసింగ్ అంటారు. చాలా కాలేజీల వార్షిక నివేదికల్లో ఈ చివరిదాన్ని కూడా రీసైక్లింగ్ ఖాతాలో రాసేస్తారు. కాలిపోయింది మళ్లీ వస్తువు కాదు కాబట్టి ఆ రెండింటినీ కలిపి చెప్పడం సరికాదు. డంపింగ్ యార్డులో పడి ఉండటం కన్నా కొలిమిలో కాలడం మేలని వాదించవచ్చు. అది వేరే చర్చ.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక బ్లాకులో వారానికి 100 కిలోల పొడి చెత్త వస్తోందనుకుందాం. అందులో 40 కిలోలు కాగితం, అట్టపెట్టెలు. 15 కిలోలు నీళ్ల సీసాలు, గట్టి ప్లాస్టిక్. 20 కిలోలు పాల ప్యాకెట్లు, పల్చటి కవర్లు. మిగతా 25 కిలోలు చిప్స్ ప్యాకెట్లు, టీ కప్పులు, థర్మోకోల్ ముక్కలు. పాత సామాన్ల కొట్టువాడు మొదటి రెండింటినీ వెంటనే తూకం వేసుకుంటాడు. అంటే 55 కిలోలు. కవర్లు శుభ్రంగా, ఎక్కువ మొత్తంలో ఉంటే తీసుకుంటాడు, లేకపోతే వద్దంటాడు. చివరి 25 కిలోల వైపు చూడనే చూడడు.

ఇప్పుడు ఎవరో సగం తిన్న సాంబారు పార్శిల్‌ని ఆ నీలం డబ్బాలో పడేశారు. కాగితం తడిసింది. తడిసి, నూనె పట్టిన కాగితాన్ని గుజ్జు మిల్లు తీసుకోదు. 55 కాస్తా 15 అయింది. ఒక్క పార్శిల్‌కే 40 కిలోలూ పాడైపోతాయా అంటే, ఒక్కటైతే కాకపోవచ్చు. కానీ డబ్బాలన్నీ ఒకే సంచిలోకి ఒంపి, తొక్కి, మూట కట్టినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

త్రికోణంలో ఉన్న అంకెకు అసలు అర్థం

సీసా అడుగున బాణాల త్రికోణం, మధ్యలో ఒక అంకె ఉంటుంది. దాన్ని చూసి "ఇది రీసైకిల్ అవుతుంది" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 1988లో అమెరికాలో ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చిన ఆ అంకె ప్లాస్టిక్ ఏ రకమో మాత్రమే చెబుతుంది. మళ్లీ వస్తువు అవుతుందని హామీ ఇవ్వదు.

క్యాంపస్‌లో దొరికే వస్తువులతోనే చూస్తే, నీళ్ల సీసా 1వ రకం, అంటే పెట్. షాంపూ డబ్బా సాధారణంగా 2. పాల ప్యాకెట్ 4. బిర్యానీ పార్శిల్ వచ్చే నల్ల డబ్బా చాలావరకు 5. థర్మోకోల్ 6. పొరలు పొరలుగా ఉండే చిప్స్ ప్యాకెట్, షాంపూ సాచెట్ లాంటివి 7లోకి వస్తాయి. 1, 2 రకాలకు మన దగ్గర గిరాకీ బాగా ఉంది. పెట్ సీసాలను ముక్కలు చేసి, కడిగి, దారం తీసి దుప్పట్లకూ టీ షర్టులకూ వాడతారు. 6, 7 దగ్గరికి వచ్చేసరికి కొనేవాడే దొరకడు. పొరల ప్యాకెట్‌లో ప్లాస్టిక్, అల్యూమినియం పూత అతుక్కుపోయి ఉంటాయి, వాటిని విడదీసే ఖర్చు వచ్చే సరుకు విలువను మించిపోతుంది.

పేపర్ కప్పు సంగతి మరీ ఇబ్బందికరం. ప్లాస్టిక్ గ్లాసులు మానేశామని గర్వంగా పేపర్ కప్పులకు మారిన క్యాంటీన్లు ఎన్నో. టీ కారిపోకుండా ఆ కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే కాగితం మిల్లూ తీసుకోదు, ప్లాస్టిక్ కొనేవాడూ తీసుకోడు. 2022 జూలై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్ల కన్నా పల్చటి పీవీసీ బ్యానర్లు నిషేధంలో ఉన్నాయి. నిషేధం వచ్చాక ఫెస్టుల్లో ప్లాస్టిక్ గ్లాసు పోయి పేపర్ కప్పు వచ్చింది. చెత్త కుప్ప ఎత్తు మాత్రం తగ్గలేదు.

2015లో కేరళలో జాతీయ క్రీడలు జరిగినప్పుడు గ్రీన్ ప్రోటోకాల్ పేరుతో మరో దారి పట్టారు. కప్పు ఏ పదార్థంతో తయారైందన్న చర్చను పక్కనబెట్టి, వాడి పారేసేదే వద్దని కడిగి వాడుకునే పాత్రలు పెట్టారు. మన పెళ్లిళ్లలో స్టీలు గ్లాసులు కడిగి పెట్టిన రోజులు గుర్తున్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

కిలోల లెక్కలో గెలిచినవాడు నిజంగా గెలిచాడా?

అమెరికాలో 2001లో ఒహాయో యూనివర్సిటీ, మయామి యూనివర్సిటీ మధ్య ఒక పోటీ మొదలైంది. ఈ మయామి కూడా ఒహాయో రాష్ట్రంలోదే. ఏ క్యాంపస్ తలసరి ఎక్కువ కిలోలు రీసైకిల్ చేస్తుందో చూద్దామన్నది పందెం. రీసైకిల్‌మేనియా పేరుతో అది వందలాది కాలేజీలకు పాకింది. తర్వాత పేరు మార్చుకుని క్యాంపస్ రేస్ టు జీరో వేస్ట్ అయింది. ఆ పేరు మారడం వెనక ఉన్న ఆలోచన ముఖ్యమైనది.

మళ్లీ లెక్కలోకి వెళ్దాం. రెండు కాలేజీలు, ఒక్కో దానిలో 3,000 మంది విద్యార్థులు. మొదటి కాలేజీలో ప్రతి ఒక్కరూ వారానికి ఒక లీటరు నీళ్ల సీసా కొంటారు. సీసా బరువు 20 గ్రాములనుకుంటే వారానికి 60 కిలోలు, 16 వారాల సెమిస్టర్‌కి 960 కిలోలు. అన్నిటినీ పట్టుదలగా సేకరించి అమ్మారు. రెండో కాలేజీ ప్రతి అంతస్తులో మంచి నీళ్ల కూలర్ పెట్టింది. దాన్ని శుభ్రంగా ఉంచింది. పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకున్నారు. అక్కడ రీసైకిల్ అయిన ప్లాస్టిక్ దాదాపు సున్నా. కిలోల పట్టికలో మొదటి కాలేజీకి కప్పు, రెండోదానికి ఆఖరి స్థానం.

సేకరించిన బరువును మాత్రమే కొలిస్తే ఎక్కువ కొని ఎక్కువ పారేసినవాళ్లు పైకి తేలతారు. అందుకే ఇప్పుడు చాలా చోట్ల తలసరి మొత్తం చెత్త ఎంత, అందులో డంపింగ్ యార్డుకు పోయింది ఎంత అని కూడా కొలుస్తున్నారు. అయితే పోటీని సమర్థించేవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. తగ్గిన చెత్తను తూకం వేయలేం, పోగైన చెత్తను వేయగలం. కళ్ల ముందు పెరిగే అంకె లేకపోతే పద్దెనిమిదేళ్ల పిల్లలను ఎనిమిది వారాల పాటు ఒక పనిలో నిలబెట్టడం కష్టం. మొదట తూకంతో అలవాటు చేసి, తర్వాత తగ్గించడం వైపు మళ్లించాలంటారు వాళ్లు.

కిలోల నమ్మకానికి పెద్ద దెబ్బ 2018లో తగిలింది. ప్రపంచం పంపే ప్లాస్టిక్, కాగితం తుక్కును ఏళ్ల తరబడి కొన్న చైనా, చాలా రకాలను ఆ జనవరి నుంచి ఆపేసింది. తీసుకునే వాటిలో కూడా 0.5 శాతానికి మించి మలినం ఉండకూడదంది. రీసైకిల్ అయ్యేవాటన్నిటినీ ఒకే డబ్బాలో వేసే పద్ధతికి అలవాటు పడిన అమెరికా ఊళ్లూ క్యాంపస్‌లూ తమ సరుకు కొనేవాడు లేక ఇబ్బంది పడ్డాయి. డబ్బాలు అవే, స్టిక్కర్లు అవే, పిల్లల శ్రద్ధ కూడా అంతే. అటు చివర కొనేవాడు లేకపోవడం ఒక్కటే తేడా.

మెస్ వెనకున్న డ్రమ్ములే అసలు బరువు

సీసాల గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, హాస్టల్ ఉన్న కాలేజీలో చెత్త బరువులో పెద్ద వాటా సాధారణంగా మెస్‌ది. వండగా మిగిలింది, కంచాల్లో వదిలేసింది, తరిగిన తొక్కలు. దీన్ని చాలా చోట్ల పందుల పెంపకందారులు డ్రమ్ముల్లో తీసుకెళ్తారు. మిగతాది మున్సిపల్ బండి ఎక్కుతుంది. తడి చెత్త యార్డులో గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ పుడుతుంది, కిందికి నల్లటి మురుగు కారుతుంది. హైదరాబాద్ జవహర్‌నగర్ యార్డు చుట్టుపక్కల జనం వాసన గురించి, పాడైన నీళ్ల గురించి ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నది దీని వల్లే. మనం కంచంలో వదిలేసిన ముద్ద వాళ్ల బావి దాకా వెళ్తుందన్న సంగతి మెస్‌లో కూర్చున్నప్పుడు మనకు తట్టదు.

ఇదే చెత్తను మూసిన ట్యాంకులో కుళ్లబెడితే ఆ మీథేన్ వంట గ్యాస్ అవుతుంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో తార్నాకలోని ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ సాంకేతికతతో ఇలాంటి ప్లాంటు నడుస్తోంది. రోజూ వచ్చే 10 టన్నుల వ్యర్థాల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ వస్తున్నాయని 2021 జనవరి మన్ కీ బాత్‌లో ప్రధాని ప్రస్తావించడంతో దాని పేరు దేశమంతా వినిపించింది.

హాస్టల్‌కి ఇది ఎంతవరకు పనికొస్తుంది? 800 మంది ఉన్న హాస్టల్లో ఒక్కొక్కరి నుంచి రోజుకు 125 గ్రాముల వ్యర్థం అనుకుంటే 100 కిలోలు. దాని నుంచి ఎనిమిది నుంచి పది ఘనపు మీటర్ల బయోగ్యాస్ రావచ్చు. వంట గ్యాస్‌తో పోలిస్తే సుమారు నాలుగు కిలోలు. అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ఒకటి ఐదు రోజులకు ఆదా. బాగానే ఉంది గానీ, మూడు పూటలా 800 మందికి వండే మెస్ వాడకంలో అది చిన్న వాటాయే. ప్లాంటుకు రోజూ దగ్గరుండి చూసే మనిషి కావాలి. సెలవుల్లో మేత లేక ట్యాంకులోని బ్యాక్టీరియా నీరసిస్తుంది. సెలవులయ్యాక అది మళ్లీ అందుకోవడానికి వారాలు పడుతుంది. మార్కెట్‌కు ఏడాదంతా చెత్త ఉంటుంది, కాలేజీకి ఉండదు. బయోగ్యాస్ ప్లాంటు ప్రారంభోత్సవం చేసిన క్యాంపస్‌లలో కొన్నాళ్లకు తుప్పు పట్టిన గోపురం మిగలడానికి ఇదొక కారణం.

అదే హాస్టల్ ఈ 100 కిలోలను 50కి తగ్గిస్తే గ్యాస్ సగమవుతుంది. అప్పుడు రోజుకు 50 కిలోల ఆహారం చెత్తలోకి పోకుండా మిగులుతుంది. ఆ బియ్యం, పప్పు, నూనె ధర ముందు రెండు కిలోల గ్యాస్ ఏపాటిది? సీసాల లెక్కలో కనిపించిందే ఇక్కడా కనిపిస్తోంది.

చట్టం బాధ్యతను ఎవరి మీద పెట్టింది?

2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలే రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థలను చెత్తకు పెద్ద ఉత్పత్తిదారులుగా (బల్క్ వేస్ట్ జనరేటర్లు) గుర్తించాయి. కాలేజీలు, యూనివర్సిటీలు, హాస్టళ్లు అందులో ఉన్నాయి. వాటి స్థానంలో కేంద్రం 2026 జనవరిలో కొత్త నిబంధనలు నోటిఫై చేసింది, ఏప్రిల్ 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఇప్పుడు చెత్తను వేరు చేయాల్సింది నాలుగుగా: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి. శానిటరీ ప్యాడ్లు మూడోదానిలోకి, మందులు, బల్బులు, పెయింటు డబ్బాల లాంటివి నాలుగోదానిలోకి వస్తాయి. అమ్మాయిల హాస్టళ్లలో ఇన్నాళ్లూ ఎవరూ నోరు తెరిచి మాట్లాడని సమస్యకు చట్టంలో విడిగా చోటు దొరకడం నాకు అన్నిటికన్నా మంచి మార్పుగా కనిపిస్తోంది. ఆ ప్యాడ్లను చేత్తో ఏరింది ఇన్నాళ్లూ ఊడ్చే అమ్మే.

20,000 చదరపు మీటర్ల అంతస్తుల వైశాల్యం గానీ, రోజుకు 40,000 లీటర్ల నీటి వాడకం గానీ, 100 కిలోల చెత్త గానీ ఉంటే ఆ సంస్థ పెద్ద ఉత్పత్తిదారే. మన ఇంజనీరింగ్, మెడికల్ క్యాంపస్‌లలో చాలావరకు నీటి లెక్కతోనే ఇందులోకి వచ్చేస్తాయి. ఇలాంటి సంస్థ తడి చెత్తను వీలైనంత వరకు తన ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలి. కుదరకపోతే ఆ పని మరోచోట జరిగిందని చూపే సర్టిఫికెట్ పొందాలి.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ బాధ్యత యాజమాన్యానిది. ఎకో క్లబ్‌ది కాదు, ఎన్ఎస్ఎస్ వాలంటీర్లది కాదు.

పిల్లలతో చేయించడం సరైనదేనా?

ఇక్కడ అభిప్రాయాలు చీలతాయి. కొందరు అధ్యాపకులు చేతులతో చేస్తేనే వస్తుందంటారు. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత డిగ్రీలో పర్యావరణ అధ్యయనం తప్పనిసరి సబ్జెక్టు అయింది. చాలామందికి అది పరీక్ష ముందు రోజు రాత్రి చదివే పేపర్‌గానే మిగిలిపోయింది. ఒక్క వారం మెస్ చెత్త తూకం వేసిన పిల్లవాడికి పుస్తకం చెప్పలేనిది తెలుస్తుందన్నది వాళ్ల మాట. మరి కొందరి అభ్యంతరం దీనికి ఎదురు. సీసాలు చేసిన కంపెనీ, వాటిని కొన్న క్యాంటీన్ కాంట్రాక్టర్, దారి వేయని యాజమాన్యం అందరూ పక్కకు తప్పుకుని, భారమంతా డబ్బా ముందు నిలబడ్డ విద్యార్థి మీద పడుతోందంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. రెండూ ఒకదాన్ని మరొకటి కొట్టేయవు.

ఈ వాదనలో తరచూ వినిపించని గొంతు మూడోది. చెత్తలో విలువ ఏరుకుని బతికేవాళ్లది. క్యాంపస్ అట్టపెట్టెలను విద్యార్థి సంఘం నేరుగా పెద్ద వ్యాపారికి అమ్మితే, ఇన్నాళ్లూ వాటిని ఏరి అమ్ముకున్న మనిషి పూట గడవదు. దీనికి ఎదురు ఉదాహరణ పుణెలో ఉంది. అక్కడ ఎస్ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయంలో వయోజన విద్యలో పనిచేసినవాళ్లు చిత్తు కాగితాలు ఏరే మహిళలతో కలిసి నడిచారు. 1993లో కాగద్ కాచ్ పత్ర కష్టకారీ పంచాయత్ అనే సంఘం ఏర్పడింది. వాళ్లకు గుర్తింపు కార్డులు వచ్చాయి. 2008లో పుణె కార్పొరేషన్‌తో ఒప్పందం చేసుకున్న, చెత్త ఏరేవాళ్లదే అయిన స్వచ్ సహకార సంఘం ఆ పునాది మీద లేచిందే. ఒక యూనివర్సిటీ చెత్త విషయంలో చేసిన పనుల్లో నాకు తెలిసినంతలో ఇంతకన్నా పెద్దది లేదు.

గొంతెత్తిన ఉద్యమం, తూకం వేసే ఉద్యమం

విద్యార్థుల పర్యావరణ ఉద్యమం అనగానే తెలుగు పాఠకులకు 2025 గుర్తొస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు. మార్చి 30న బుల్డోజర్లు దిగాయి, విద్యార్థులు అడ్డుకున్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. భూమి తనదని కోర్టుల్లోనే తేలిందని, రికార్డుల్లో అది అడవి కాదని, అభివృద్ధికీ ఉద్యోగాలకూ అవసరమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. కాగితం మీద పేరేదైనా అక్కడ జింకలు, నెమళ్లు, నక్షత్ర తాబేళ్లు, చెరువులు ఉన్నాయని విద్యార్థులు చెప్పారు. ఎవరి భూమి అన్నదీ, ఆ భూమి మీద ఏముంది అన్నదీ రెండు వేర్వేరు ప్రశ్నలు. గొడవలో రెండూ కలిసిపోయాయి.

రీసైక్లింగ్‌తో దీనికేం సంబంధమంటే, రాసి పెట్టుకున్న లెక్క. ఆ క్యాంపస్‌లో పక్షులనూ జంతువులనూ ఏళ్ల తరబడి చూసి, ఫొటోలు తీసి, జాబితాలు రాసిన విద్యార్థులు, పరిశోధకులు ఉన్నారు. వాళ్లలో చాలామంది నిరసన నాటికి చదువు ముగించుకుని వెళ్లిపోయారు. వాళ్ల జాబితాలు ఉండిపోయాయి. చెత్త విషయంలో మాత్రం చాలా కాలేజీల్లో పోయినేడు ఎన్ని కిలోలు వచ్చిందో రాసిన నోటుబుక్కు ఒక్కటి కూడా దొరకదు.

ప్రతి మే నెలలో వెళ్లిపోయే బ్యాచ్

క్యాంపస్ ఉద్యమాలకు ఊళ్లలో లేని ఒక ఇబ్బంది ఉంది. నడిపేవాళ్లు నాలుగేళ్లకు వెళ్లిపోతారు. రెండో ఏడాదిలో ఉత్సాహం, మూడో ఏడాదిలో అనుభవం, నాలుగో ఏడాదిలో ప్లేస్‌మెంట్ టెన్షన్. కొత్తవాళ్లు మళ్లీ డబ్బాలు కొనడం దగ్గరే మొదలుపెడతారు.

పైగా ఏడాదిలో ఎక్కువ చెత్త వచ్చే వారం కూడా వాళ్లు వెళ్లిపోయే వారమే. పరుపులు, బకెట్లు, రికార్డులు, జిరాక్స్ కట్టలు, ఇంకా పనిచేస్తున్న టేబుల్ ల్యాంపులు వరండాలో వదిలేసి రైలెక్కుతారు. అమెరికాలో చదివే మన పిల్లలకు ఇది ఇంకా బాగా తెలుసు. సీనియర్ వదిలేసిన పరుపు, రైస్ కుక్కర్ జూనియర్‌కి చేరడం అక్కడ వాట్సాప్ గ్రూపుల్లో ఎప్పటినుంచో జరుగుతున్నదే.

2011లో న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ విద్యార్థులు ఆ పనినే పద్ధతి ప్రకారం చేశారు. మే నెలలో హాస్టళ్లు ఖాళీ అయ్యేటప్పుడు వదిలేసిన సామాన్లన్నీ సేకరించి వేసవంతా దాచారు. సెలవులయ్యాక కొత్త విద్యార్థులు దిగగానే తక్కువ ధరకు అమ్మారు. ట్రాష్ టు ట్రెజర్ అని దానికి పేరు. ఆ అనుభవంతోనే తర్వాత ఇతర క్యాంపస్‌లకు సాయపడే పోస్ట్-ల్యాండ్‌ఫిల్ యాక్షన్ నెట్‌వర్క్ పుట్టింది. అమ్మకం డబ్బు ఎవరి జేబులోకీ పోలేదు. వచ్చే మే నెలలో మళ్లీ సామాన్లు సేకరించి దాచడానికి అయ్యే ఖర్చు దానితోనే తీరింది. అందువల్ల మొదలుపెట్టిన బ్యాచ్ వెళ్లిపోయినా పని ఆగలేదు.